చెన్నపట్టణపు విజయ స్మారకము

చెన్నపట్టణములో నేపియరు వంతెన దాటి సెంటు జార్జి కోటవైపు ఉత్తరముగా పోవువారికి కుడిచేతి ప్రక్క, సముద్రమునకు చేరువగా, విల్లువలె వంగిన రాతి కట్టడ మొకటి కనబడును. దానిని విజయ యుద్ధ స్మారకమని పిలుతురు. ఏటేట గణతంత్ర దినమున రాష్ట్ర గవర్నరు అచ్చట పుష్పగుచ్ఛ ముంచును. డిసెంబరు 16వ తేదీన 1971 యుద్ధ విజయమును తలచుకొని సైనికాధికారులును మాజీ సైనికులును వచ్చి వందన మొనర్తురు. తక్కిన దినములలో మోటారు బండ్లు దాని ప్రక్కగా పోవుచునే యుండును. తరతరములుగా ఆ నగరమున కాపురమున్న మన కుటుంబములలో ఎందరు దాని దగ్గరకు పోయి రాతిపై వ్రాత చదివియుందురో ఎవరికి వారే ప్రశ్నించుకొనవలెను. మేమును చిరకాలము దాని ప్రక్కగా పోయినవారమే గాని ఆగినవారము కాము. ఒకనాడు ఆగితిమి. ఆనాడు కలిగిన ఆలోచనలనే ఈ సంచిక పాఠకుల ముందుంచుచున్నాము.

స్మారకమును విమర్శించుట యేమని కొందరు అడుగవచ్చును. మృతులకు నమస్కరించి పోవలెను గాని తప్పులెన్నుట తగునా యని కొందరికి తోచవచ్చును. కాని స్మారకము మృతులు కట్టించుకొన్నది కాదు, బ్రతికినవారు కట్టినది. కావ్యమునందు వలెనే దానియందును ఒక కర్త యుండును, ఒక ఉద్దేశ్య ముండును, చెప్పినదియు చెప్పక విడిచినదియు నుండును. కావున ఎవరిని గూర్చి చెప్పినది, ఏ మాటలతో చెప్పినది, ఎవరిని విడిచినది యను మూడు ప్రశ్నలు శిలను కూడ అడుగవచ్చునని మా అభిప్రాయము.

ముందుగా స్థలమును గూర్చి. ఈ కట్టడమునకు పూర్వము 'క్యూపిడ్స్ బో' అను పేరుండెను. అనగా మన్మథుని విల్లు. చెరకువింటి దేవుని పేరు మోసిన చోట ఫిరంగులకు బలియైనవారి స్మృతి నిలిచినది. మన ప్రబంధకవి యెవరైన నుండినచో ఈ శ్లేషను విడిచియుండడు. అయితే ఆ స్థలము యుద్ధ స్మృతికి తగనిది మాత్రము కాదు. 1914 సెప్టెంబరు 22వ తేదీ రాత్రి ఎమ్డెన్ అను జర్మను యుద్ధనౌక ఈ తీరమునకే వచ్చి నగరముపై నూటికి పైగా గుండ్లు ప్రేల్చెను. రేవు చెంతనున్న బర్మా ఆయిలు కంపెనీ వారి చమురు తొట్లు అంటుకొని మండెను. జనులు భీతిల్లి మూటముల్లెలతో నగరము విడిచి పోయిరి. ఆ నౌక పేరు తమిళమున నేటికిని గడుసువానికి పర్యాయపదముగా నిలిచియున్నది. హైకోర్టు గోడ చెంత ఆ రాత్రిని జ్ఞప్తికి తెచ్చు పలక యొకటి కలదు. ఎక్కడనో ఐరోపాలో రేగిన మంట ఈ తీరమున నిజముగా కనబడినది. ఆ సంవత్సరమే చెన్నపురివారు చందాలు ప్రోగుచేసి 'మదరాసు' అను పేరుతో ఒక ఆసుపత్రి ఓడను గాయపడిన సైనికుల కొరకు సిద్ధపరచిరి.

1918 నవంబరు 11వ తేదీన ఆ యుద్ధము ముగిసినది. దానియందలి మిత్రరాజ్యముల విజయమునకు గురుతుగా ఈ స్మారకము వెలసినది. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట ఆ యుద్ధ మృతులకును ఇదే స్మారకమైనది. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత 1948 కాశ్మీరు యుద్ధము, 1962 చీనా యుద్ధము, పాకిస్థానుతో జరిగిన యుద్ధములు సయితము దీని యందే స్థానము పొందినవి. చక్రవర్తి కొరకు చనిపోయినవారును గణతంత్రము కొరకు చనిపోయినవారును ఒకే రాతి నీడన నుండుట ఇచ్చటి విశేషము. ప్రభుత్వము మారినప్పుడు పాతదానిని పడగొట్టి క్రొత్తది కట్టుట లోకమున సాధారణము. ఇచ్చట అట్లు చేయక పాత రాతికే క్రొత్త మాటలు చేర్చిరి. ఇది మెచ్చదగిన పని.

ఇక మమ్ము ఆపిన వ్రాత యొకటి కలదు. మదరాసు ప్రెసిడెన్సీ నుండి వెడలి దేశసేవలో ప్రాణములు విడిచిన వారందరి స్మృతికి ఈ కట్టడము అంకితమని దాని భావము. మన పెద్దలు ప్రెసిడెన్సీని రాజధాని యనెడివారు. చెన్నపురి రాజధాని యన్నచో నగరము మాత్రము కాదు. గంజాము మొదలుకొని తిరునల్వేలి వరకును గల విశాల భూభాగము. విశాఖపట్టణము, గోదావరి, కృష్ణ, గుంటూరు, నెల్లూరు జిల్లాలును, బళ్లారి మొదలగు దత్తమండలములును, మలబారును, దక్షిణ కన్నడమును అందు చేరియుండెను. 1936 ఏప్రిలులో గంజాము ఒరిస్సాలో చేరినది. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్ర మేర్పడినది. ఆ దినముననే బళ్లారి తాలూకాలలో పెక్కు మైసూరున చేరినవి. 1956లో మలబారు కేరళమునకు పోయెను. 1969లో మదరాసు రాష్ట్రము తమిళనాడైనది. 1996లో మదరాసు నగరము చెన్నై యైనది. రాతిపై పేర్కొన్న ఆ భూభాగము నేడు ఏ పటమునందును లేదు.

ఈ సంచిక చదువుచున్నవారికి దీని భావము వేరుగా వివరింప నక్కరలేదు. బరంపురమున నున్న తెలుగు కుటుంబము, బళ్లారిలో నున్న తెలుగు కుటుంబము, చెన్నపట్టణమున నున్న తెలుగు కుటుంబము — ముగ్గురును ఇల్లు కదలకయే మూడు రాష్ట్రముల వారైరి. ఎల్లలు గీచినవారు బ్రతికినవారిని పంచిరి, భూములను పంచిరి, కచేరీ కాగితములను పంచిరి. చనిపోయిన సిపాయిలను మాత్రము పంచలేదు. వారు ఈ స్మారకమున ఇంకను కలిసియే యున్నారు. తెలుగువాడు, తమిళుడు, మలయాళి, కన్నడిగుడు, ఓఢ్రుడు అను భేదము లేక అందరును ఒకే వాక్యమున నిలిచియున్నారు. ఇది ఈ స్మారకపు గొప్ప గుణము. దీని గొప్ప దోషమును ఆ వాక్యమునందే కలదు. అందరిని గూర్చి చెప్పిన ఆ వాక్యము ఏ యొక్కనిని గూర్చియు చెప్పలేదు.

ఈ దోషము క్రొత్తది కాదు. 1757 ప్రాంతమున క్లైవు బంగాళమునకు పోయినప్పుడు వెంట పోయిన సిపాయిలలో తెలుగుదేశపు వారు విశేషముగా నుండిరి. వారిని చూచి ఉత్తరదేశపు జనులు 'తిలంగా'లని పిలిచిరి. రానురాను ఆ మాటకు తెలుగువాడను అర్థము పోయి, కుంపిణీ దుస్తులు తొడిగిన సిపాయి యెవడైనను తిలంగాయే యైనాడు. 1857లో ఢిల్లీలో తిరుగబడిన ఉత్తరదేశపు సిపాయిలను సయితము ఆ నగరవాసులు తిలంగాలనియే వ్యవహరించిరి. ఒక జాతి పేరు ఒక వృత్తికే పేరైనదన్నచో ఎందరు ఆ వృత్తిలో దిగియుండవలెనో యూహింపుడు. కాని ఆ తొలి తిలంగాలలో నొక్కని పేరు చెప్పుమన్న మనలో నెవ్వడును చెప్పజాలడు. జాతి పేరు నిలిచినది. మనుష్యుల పేర్లు పోయినవి.

పిదప ఆ జాతికే సైనికగౌరవము పోయెను. రాబర్ట్సు దొర 1881 నుండి 1885 వరకు మదరాసు సైన్యమునకును, తరువాత 1893 వరకు యావద్భారత సైన్యమునకును సేనానాయకుడుగా నుండెను. దక్షిణదేశపువారు యుద్ధమునకు తగినవారు కారని అతని నమ్మకము. వాయవ్య దేశపు జాతులే వీరజాతులని ఒక సిద్ధాంతము ప్రబలినది. మదరాసు పటాలములు కొన్ని రద్దయినవి. కొన్నిటిలో దక్షిణాది వారిని తీసి ఉత్తరాది వారిని నింపిరి. మిగిలినవానిలో ముఖ్యమైనవి శాపర్లు, పయనీర్లు. వంతెనలు కట్టుట, బాటలు వేయుట, కందకములు త్రవ్వుట వారి పని. 1914 నవంబరులో తూర్పు ఆఫ్రికాలోని టాంగా రేవున దిగి భంగపడిన సేనలో మదరాసు పయనీరు పటాలమును పాళయంకోట పటాలమును గలవు. మదరాసు శాపర్లు మెసపొటేమియా యెడారులలో పని చేసిరి. యుద్ధము ముగిసిన పదేండ్లలో మదరాసు పదాతి పటాలములను పొదుపు పేరిట రద్దుచేసిరి. 1933లో పయనీర్లను తీసివేసిరి. శాపర్లు మాత్రము బెంగుళూరు అలసూరు చెరువు చెంత నిలిచి నేటికిని కొనసాగుచున్నారు. రెండవ యుద్ధము వచ్చి మనుష్యులు కావలసి వచ్చినప్పుడు, 1941 ప్రాంతమున, మదరాసు పటాలమును మరల లేపిరి. అక్కరకు వీరులు, అక్కర తీరిన పిమ్మట వీరులు కారు!

మొదటి యుద్ధమున ఈ రాజధాని నుండి పోయిన వారి లెక్కను ప్రభుత్వము యుద్ధానంతరము ప్రకటించెను. ఆయుధము పట్టినవారు సుమారు 51 వేలు. ఆయుధము పట్టక సేవ చేసినవారు సుమారు 41 వేలు. ఈ రెండవ అంకెను పాఠకులు గమనింప కోరుచున్నాము. పోయినవారిలో దాదాపు సగము మంది తుపాకి ముట్టనివారే. కంచరగాడిదలను తోలినవారు, నీరు మోసినవారు, వంట వండినవారు, గాయపడినవారిని డోలీలలో మోసినవారు, రైలు కమ్మీలు వేసినవారు వీరు. శత్రువు గుండు తుపాకి పట్టినవానిని, నీటితిత్తి పట్టినవానిని వేరుచేసి చూడదు. మెసపొటేమియా విషూచికి ఆ భేదము అసలే లేదు. కాని స్మారకమును చూచువాని మనస్సున మెదలు మూర్తి కవాతు చేయు సిపాయియే గాని గరిటె పట్టిన వంటవాడు కాడు. వీరత్వమునకు ఒక దుస్తు తొడిగి చూపుట స్మారకముల కెల్ల సామాన్య దోషము. మన ఊళ్లనుండి పోయినవారిలో ఈ రెండవ తరగతివారు మెండు. వారి మనుమలు 'మా తాత పటాలమునకు పోయినాడు' అని చెప్పుకొనుటకు సయితము సంకోచింతురు. వారు సంకోచింప నక్కరలేదు. ఆ వాక్యమున 'అందరు' అను మాట కలదు. ఆ మాటలో వంటవాడు కూడ చేరియున్నాడని మేము చదువుకొంటిమి.

పేరు వ్రాయుట మనకు తెలియని విద్య యగునేని ఇంతగా చెప్పెడివారము కాము. వేయేండ్లకు పూర్వమే మన దక్షిణదేశమున వీరగల్లులు నిలిపిరి. తమిళులు వానిని నడుగల్లు లందురు. పశువులను దొంగలు తోలుకొని పోవుచుండగా అడ్డుపడి చచ్చినవానికి, ఊరు కాపాడుచు పడినవానికి ఊరివారే రాయి నిలుపుదురు. పెక్కింటియందు వాని పేరు, ఊరు, పోరిన పోరు చెక్కియుండును. బెంగుళూరు చెంత బేగూరు నాగనాథేశ్వరాలయమున సుమారు 890వ సంవత్సరపు శిల యొకటి కలదు. బుట్టణ సెట్టి యనువాడు బెంగుళూరు కాళగమున మడిసెనని అది తెలుపును. బెంగుళూరను పేరు కనబడు అతి ప్రాచీన శాసనము ఇదియే యని చరిత్రకారులు చెప్పుదురు. మహానగరపు పేరు మనకు దొరికినది ఏ చక్రవర్తి ప్రశస్తిలోను కాదు. పోరున చచ్చిన ఒక మనుష్యుని రాతియందు. పలనాటి కారెంపూడిలో పన్నెండవ శతాబ్దపు వీరులకు గుడి కలదు. నేటికిని కార్తికమాసపు అమావాస్యకు తిరునాళ్లు సాగును. వీరుల ఆయుధములకు పూజ జరుగును. వీరవిద్యావంతులు వారి కథలు పాడుదురు. గెలిచినవారు, ఓడినవారు అను భేదము ఆ పూజలో లేదు.

ఈ సంప్రదాయమును ప్రక్కనుంచి చూచినచో ఇరువదవ శతాబ్దపు రాళ్లు వెలవెల పోవును. ఆ యుద్ధానంతరము ప్రభుత్వము వారు పెక్కు గ్రామములందు చిన్న పలకలు నాటించిరి. ఈ గ్రామమునుండి ఇందరు మహాయుద్ధమునకు పోయిరి, వారిలో ఇందరు మరణించిరి అని అందు వ్రాసియుండును. ఊరందరికిని తెలిసిన మనుష్యులను ఊరి నడుమనే అంకెలుగా మార్చిన వ్రాత అది. ఇరాకులోని బస్రా స్మారకము దీనికి పరాకాష్ఠ. 1929లో ఆవిష్కరింపబడిన ఆ స్మారకము సమాధి తెలియని నలువది వేలకు పైబడిన వారిది. బ్రిటిషు సైనికుల పేర్లు సామాన్య సిపాయి మొదలుకొని చెక్కిరి. భారతీయులలో అధికారుల పేర్లు మాత్రము చెక్కి, సామాన్య సిపాయిలను పటాలమునకు ఇందరని అంకె వేసి విడిచిరి. మరణమునందు అందరును సమానులే యని ప్రకటించిన యుద్ధ సమాధుల సంస్థయే ఆ పని చేసినది. 2021 ఏప్రిలులో ఆ సంస్థవారే విచారణ జరిపించి నివేదిక ప్రకటించిరి. భారతీయులు, ఆఫ్రికావారు మొదలగు వారిలో కనీసము ఒక లక్షా పదారు వేలమంది పేరుతో స్మరింపబడలేదనియో, అసలే స్మరింపబడలేదనియో అంగీకరించి క్షమాపణ చెప్పిరి. నూరేండ్లకు వచ్చిన క్షమాపణ అది. వినవలసిన భార్యలు, తల్లులు అప్పటికి లేరు.

చెన్నపట్టణముననే, నందంబాక్కమునందు, ఆ సంస్థ వారి శ్మశానవాటిక యొకటి కలదు. రెండవ యుద్ధపు సమాధులు ఎనిమిదివందల యేబదికి పైగా అచ్చట శుభ్రముగా కాపాడబడుచున్నవి. దాని వెనుక భాగమున మొదటి యుద్ధకాలపు స్మారక మొకటి నిలిచినది. అందు వేయికి మించిన పేర్లు కలవు. దేశపు నానాభాగములందలి శ్మశానవాటికలలో పూడ్చబడి, నిలుకడగా కాపాడుటకు వీలులేని సమాధులు గలవారి పేర్లవి. పూనా చెంత కిర్కీయందును ఇట్టిదే కలదు. పూడ్చినచోట శిల నిలుచును, శిలపై పేరు నిలుచును. దహనము చేయు మన ఆచారమున చితికి శిల యుండదు. బూడిద నీట కలియును. ఆచారభేద మొకటియే కారణమని మేము చెప్పము. కాని సమాధి లేనివానికి పేరైనను మిగిల్చవలెనను శ్రద్ధ ఇంకను ఎక్కువగా నుండవలసినది గదా!

యానాము సోదరులకు మరియొక స్మారకముతో సంబంధము కలదు. పుదుచ్చేరి సముద్రపు వీథిలో గాంధీ విగ్రహమునకు చేరువగా ఫ్రెంచి ఇండియా యోధుల స్మారకమున్నది. 1914-18 యుద్ధమున ఫ్రాన్సు కొరకు చనిపోయిన ఫ్రెంచి ఇండియా వారి కొరకు దానిని 1938లో ఆవిష్కరించిరి. జూలై 14వ తేదీన నేటికిని దానిని దీపములతో నలంకరింతురు. యానామును ఆనాడు ఫ్రెంచి ఇండియాలోనిదే. గోదావరి పాయకు ఇటునున్న తెలుగువాని స్మృతి చెన్నపట్టణపు రాతిలోను, యానాములోని తెలుగువాని స్మృతి పుదుచ్చేరి రాతిలోను చేరినవి. ఒకే భాష మాటాడి, ఒకే ఏటి నీరు త్రాగినవారు ఇరువురు దొరల సైన్యములలో పోయిరి. 1954 నవంబరు నుండి పుదుచ్చేరియు యానామును భారతదేశమున నున్నవి. స్మారకములు రెండును స్వదేశపువే యైనవి.

ఇక 'విజయము' అను మాట. ఈ విజయ మెవరిది? 1918 నవంబరున యుద్ధము ముగిసినది; 1919 ఏప్రిలు 13వ తేదీన జలియనువాలా బాగున కాల్పులు జరిగినవి. నడుమ అయిదు నెలలే. యుద్ధమునకు దాదాపు పదమూడు లక్షల మందిని పంపి, 74 వేలమందిని పోగొట్టుకొన్న దేశమునకు దొరకిన బహుమానము రౌలటు చట్టము. ఇట్టి విజయమును మనము ఏల పండుగ చేయవలెనని అడుగువారి ప్రశ్న న్యాయమైనదే. బెంగుళూరివారు ఒక రీతిని సమాధానము చెప్పిరి. 1791 మార్చిలో కారన్‌వాలిసు సేన టిప్పు సుల్తానుని బెంగుళూరు కోటను పట్టుకొన్నప్పుడు పడిన ఇంగ్లీషువారికై కట్టిన స్తంభము నగరసభ కచేరీ ముందుండెను. ప్రజల ఆందోళన పిమ్మట 1964లో దానిని తొలగించిరి. ఊరు జయించినవారి జ్ఞాపకమును ఆ ఊరివారే కాపాడవలెనన్న నిర్బంధ మెవరును చేయలేరు. కాని కారన్‌వాలిసు సేనలో మదరాసు సిపాయిలును నుండిరి. వారికి ఆ స్తంభము నిలిచినప్పుడును గౌరవము దక్కలేదు, పడినప్పుడును అవమానము కలుగలేదు. లేనివానికి రెండును ఒకటియే.

చెన్నపట్టణపు స్మారకము ఆ స్తంభము వంటిది కాదు. అది విజయమను పేరుతో మొదలైనను, లోపలి వాక్యము మృతులను గూర్చినది. బయట రాజు గొంతు, లోపల ప్రజల గొంతు వినబడును. మన తాతలు పోయినది చక్రవర్తి పై భక్తితోనే యని చెప్పుట కష్టము. జీతమునకు మాత్రమే యని చెప్పుట అన్యాయము. వానలు కురియని యేడు పోయినవారుందురు; అన్నతో పోరి పోయినవారుందురు; ఊరిలో చెప్పు విడువవలసిన బాట మీద బూటుకాలితో నడువవలెనని పోయినవారును ఉందురు. ఎందుకు పోయినను, పోయి తిరిగి రాకపోవుట మాత్రము అందరికిని ఒకటియే. వారికి ఇయ్యవలసినది జయజయధ్వానము కాదు, గుర్తింపు. గుర్తింపునకు మొదటి మెట్టు పేరు.

పేరు వ్రాయుట అసాధ్యమను మాట చెల్లదని ఢిల్లీ రుజువు చేసినది. అచ్చట 1931లో ఆవిష్కరింపబడిన ఇండియా గేటుపై పదమూడు వేలకు పైగా పేర్లు చెక్కియున్నవి. దానికి చేరువగా 2019 ఫిబ్రవరి 25వ తేదీన జాతీయ యుద్ధ స్మారకము ఆవిష్కృతమైనది. స్వాతంత్ర్యానంతర యుద్ధములలో మడిసిన ఇరువదియైదు వేలకు మించినవారి పేర్లు ఒక్కొక్కరికి ఒక్కొక్క రాతిపలక చొప్పున అందు చెక్కిరి. 2020 జూనులో గల్వాను లోయలో ప్రాణము లర్పించిన సూర్యాపేట వాస్తవ్యుడు కల్నలు సంతోష్ బాబు పేరును అందు చేరినది. బీహారు పటాలమును నడపిన తెలుగువాడతడు. అతని పిల్లల పిల్లలు ఆ రాతిని చేతితో తడవి చూడగలరు. టాంగాలోనో బస్రాలోనో మడిసిన వాని మునిమనుమనికి ఆ భాగ్యము లేదు.

అన్నిటిని విచారించి చెప్పవలసినచో, చెన్నపట్టణపు స్మారకము అసంపూర్ణమైన మంచి పని. దానిని పడగొట్ట నక్కరలేదు; పేరు మార్చ నక్కరలేదు. పాత వాక్యమునకు క్రొత్త యుద్ధములు చేర్చుటకు చోటు దొరకినప్పుడు, పాత వాక్యములోని మనుష్యులకు కూడ చోటు దొరకకపోదు. అది ప్రభుత్వములు చేయవలసిన పని. ఏ ప్రభుత్వము? అది చిక్కు ప్రశ్న. నేటి రాష్ట్రము ప్రతిదియు తన వీరులను తాను లెక్కించుకొనును. గంజాములో పుట్టి, మదరాసు పటాలములో చేరి, బెంగుళూరు దండులో కాపురముండి, పరదేశమున చనిపోయిన తెలుగువాడు ఏ రాష్ట్రపు లెక్కలోనికి వచ్చును? ఎల్లల నడుమ జారిపోవు వారిలో అతడొకడు. మనము కూడ అట్టివారమే. కావున అతని లెక్క మనమే చూడవలెను.

అందుకు దారి మన ఇండ్లలోనే కలదు. పాఠకులకు ఒక సంగతి మనవి చేయుదుము. మొదటి మహాయుద్ధపు బ్రిటిషు పతకములలో గుండ్రని వెండి పతకమొకటి కలదు. దాని ముఖముపై రాజు బొమ్మ యుండును. దానిని తిప్పి అంచున చూచినచో సన్నని అక్షరములలో సిపాయి అంకె, హోదా, పేరు, పటాలము చెక్కియుండును. కూలీ దళముల వారికి అదే పతకమును కంచుతో చేసి యిచ్చిరి. చనిపోయినవాని ఇంటికి జానెడుకన్న తక్కువ వ్యాసము గల కంచు బిళ్ల యొకటి పంపిరి. అందు హోదా లేక పేరు మాత్రమే యుండును. రాతిపై లేని పేరు ఈ లోహముపై నున్నది. రాజు బొమ్మను అందరును చూతురు. అంచును ఎవరును చూడరు.

పెండ్లికో, వైద్యమునకో ఆ వెండి కంసాలి మూసలో కరిగిపోయిన ఇండ్లు ఎన్నియో యుండును, ఎవరిని తప్పుపట్టుదుము? మిగిలినవి ఇంకను భోషాణపు అడుగున, పాత పింఛను కాగితముల చుట్టలో, పూజగది అలమరలో పడియుండును. తాత పేరు తెలిసిన ముదుసలి ఇంటిలో నున్నప్పుడే ఆ పెట్టె తెరువవలెను. అంకె, పేరు, పటాలము, పుట్టిన ఊరు, చనిపోయిన చోటు — తెలిసినంతవరకు వ్రాసి సంఘమునకు పంపుడు. సిపాయి యైనను, వంటవాడైనను, నీళ్లు మోసినవాడైనను సంకోచింపక పంపుడు. ఏ రాష్ట్రములో నున్నారని మేము అడుగము. రాబోవు సంచికలలో ఆ పేర్లను వరుసగా ప్రకటింపవలెనని మా కోరిక. పది పేర్లు వచ్చినను పదియే చాలును. ఒక్కటి వచ్చినను ఒక్కటియే ప్రకటింతుము.

తరువాత ఎవరైన గణతంత్ర దినమున నేపియరు వంతెన దాటి పోవునప్పుడు ఆ రాతి దగ్గర ఆగి, 'అందరు' అను మాట చదివి, దాని క్రింద తమ నోట నొక పేరు చదువగలరు.